పాప జ్ఞానస్నానానికి వెళ్తే నాకు మళ్లీ పెళ్లి చేశారు

నిన్న ఆదివారం మా పాపకు జ్ఞానస్నానం అయింది. పులావు డేగిసాలు ఇంకా షామియానా వాళ్లకు తిరిగి ఇవ్వలేదు. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నా.

మాది మద్దిపాడు వైపు బాప్టిస్టు కుటుంబం. మా ఆవిడ వాళ్లు నెల్లూరు ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలికులు. మాలో చంటిబిడ్డకు బాప్తిస్మం ఉండదు. గుడిలో ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు, అంతే. బుద్ధి తెలిశాక తానే అడిగితే అప్పుడు నీళ్లలో ముంచుతారు. వాళ్లలో అయితే పుట్టిన కొన్ని వారాలకే జ్ఞానస్నానం (బాప్తిస్మాన్ని వాళ్లు అలా అంటారు) ఇప్పించాలి. ఆ మాట మా అత్తమ్మ పెళ్లికి ముందే తీసుకుంది. మా అమ్మేమో "నోరు తెరిచి అడగలేని బిడ్డకి బాప్తిస్మం ఏంది అబ్బయ్యా?" అంటూ ఏడు నెలలు గడిపింది.

పాప జనన ధ్రువపత్రం మున్సిపల్ ఆఫీసులో ఒక్కరోజులో వచ్చింది. జ్ఞానతండ్రిగా, అంటే గాడ్‌ఫాదర్‌గా, మా బావమరిది ఒప్పుకున్నాడు. జ్ఞానతండ్రి పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందిన కతోలికుడై ఉండాలి, వాళ్ల విచారణ (ప్యారిష్) గుడి నుంచి ఉత్తరం తేవాలి. అతనుండేది చెన్నైలో. వాట్సాప్‌లో ఫోటో పంపితే ఒప్పుకోరు, అసలు కాగితమే కావాలి. మా అక్కను జ్ఞానతల్లిగా పెడదామనుకున్నా. బాప్టిస్టు గనుక ఆమె సాక్షిగా మాత్రమే ఉండొచ్చట, అదీ పక్కన కతోలిక జ్ఞానతండ్రో తల్లో ఉంటేనే. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. ఏ ఊరి గుడో చెప్పను, నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య హైవే మీద వెళ్లేవాళ్లకు దాని శిలువ కనిపిస్తుంది. ఫాదర్ గారు ఊళ్లో లేరు. ఆఫీసు గదిలో ఉపదేశి గారు (ఫాదర్ కింద గుడి పనులు చూసే ఆయన) రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పూజ రాయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు బెంచీ మీద ఉన్నారు. మా ఆవిడ పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆయన కళ్లజోడు సర్దుకుని "వివాహం ఏ గుడిలో?" అన్నాడు.

"ఒంగోలులో సార్, మా బాప్టిస్టు గుడిలో."

"బిషప్ గారి అనుమతి తీసుకున్నారా?"

అలాంటిది ఒకటి ఉంటుందనే మాకు తెలియదు. ఆయన పెన్ను మూతతో రిజిస్టరులో వివాహం గడి మీద టకటకా కొట్టి, గదిలో అందరికీ వినపడేలా "అయితే మా లెక్కలో మీకు పెళ్లి కాలేదండీ. ఈ గడి ఖాళీగా పెట్టమంటారా? పెడితే పాపకు రేపు..." అని ఆపేశాడు. ఆ మిగిలిన మాట అన్నా బాగుండేది. బెంచీ మీద ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ తల వంచుకుని పాప సాక్సు సర్దుతూ ఉంది, సర్దిన సాక్సునే మళ్లీ మళ్లీ.

1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సున్న పాస్టరు చేసిన పెళ్లి మాది. సర్టిఫికెట్ ఉంది. మూడొందల మంది వచ్చి బిర్యానీ తిని పోయారు. ఇదంతా ఆయనకు చెప్పా. "అది గవర్నమెంటుకు చాలు" అన్నాడు.

అంతటితో ఆగలేదు. "మీకు బాప్తిస్మం అయిందని రుజువేది?" నన్ను, గుండ్లకమ్మలో మునిగి లేచినవాణ్ణి! 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆ నదిలోనే. దానికి ముందు కరువు రోజుల్లో, కూటి కోసం చేరారనే మాట రాకూడదని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేసి, బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి పని ఇచ్చాడు. మా తాత తాత ఆ రోజు నీళ్లలోకి దిగినవాళ్లలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అలాంటి ఇంటివాణ్ణి పట్టుకుని రుజువు అడుగుతాడా! ఇదంతా గట్టిగానే చెప్పా. ఆయన పేజీ తిప్పుకున్నాడు.

రుజువు కోసం మా ఊరికి మూడుసార్లు తిరిగా. నాకు బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు పోయారు. రిజిస్టరు గుడిలో లేదు. చివరికి పాస్టరమ్మ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, పాత క్రిస్మస్ తోరణాల కింద దొరికింది. అంచులు చెదలు తినేశాయి. నా పేరు మిగిలింది, తారీఖులో నెల పోయింది. ఇప్పటి పాస్టరు గారు దాన్ని చూసి లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేశారు. మా సంఘాల వాళ్లకు చెప్తున్నా, బాప్తిస్మం తీసుకున్న రోజే కాగితం అడిగి తీసుకోండి. ఫోటోలు ఎవరూ ఒప్పుకోరు.

ఫాదర్ గారు వచ్చాక కథ తిరిగింది. ఆయన కుర్చీ వేయించి కూర్చోబెట్టి, అమ్మానాన్నల్లో ఒక్కరు ఒప్పుకుని, బిడ్డను విశ్వాసంలో పెంచుతారన్న నమ్మకం ఉంటే జ్ఞానస్నానం ఇవ్వొచ్చనీ, మీ పెళ్లి లెక్క వేరే విషయమనీ చెప్పారు. నాకు మళ్లీ బాప్తిస్మం కూడా అక్కర్లేదట. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున ఇచ్చిందైతే వాళ్లూ ఒప్పుకుంటారు. ఈ ముక్క ఆ మొదటి రోజే చెప్పేవాళ్లుంటే! ఉపదేశి మాట విని వెనక్కి పోకండి, ఫాదర్‌ను చూసేదాకా గడప దిగకండి.

అయినా పెళ్లి కూడా సరిచేసుకోమని ఆయన నెమ్మదిగా చెప్తే మా ఆవిడ కళ్లు చెమర్చాయి, నేను కాదనలేకపోయా. నెల్లూరు బిషప్ హౌస్‌కు ఫారం పంపారు, అనుమతి వచ్చింది. ఒక బుధవారం సాయంత్రం ఇద్దరు సాక్షుల ముందు మళ్లీ ప్రమాణాలు చేశాం. "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నాను" అంటుంటే పాప నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది.

నిన్న తలమీద మూడుసార్లు నీళ్లు పోస్తే ఏడవలేదు గానీ, తైలం రాసేటప్పుడు ఫాదర్ వేలు పట్టుకుని వదల్లేదు. మా అమ్మ చివరి బెంచీలో కూర్చుంది. భోజనాల దగ్గర నా చెవిలో "పెద్దదై తానే అడిగితే గుండ్లకమ్మకు నేనే తీసుకుపోతా" అంది. మా అత్తమ్మ వడ్డనలో ఉంది, వినలేదు.

సాయంత్రం రిజిస్టరు రాసింది ఆ ఉపదేశి గారే. పక్కనే నిలబడి ప్రతి అక్షరం చూశా. వివాహం గడి నిండింది. మా ఇంటిపేరులో 'ళ' ఉండాల్సిన చోట 'ల' రాశాడు. కొట్టించి, మళ్లీ రాయించి, పక్కన సంతకం పెట్టించాకే అక్కణ్ణుంచి కదిలా.