హజ్‌కి వెళ్తున్నానంటే నన్నడిగిన ప్రశ్నలు

మాది ప్రకాశం జిల్లా. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజులో చదివే అరబ్బీ సూరాలు తప్ప నా నోటికొచ్చిన భాష ఇదొక్కటే. మా ముత్తాతలు దూది ఏకేవాళ్ళు, ఇప్పుడు మమ్మల్ని నూర్‌బాషాలంటారు. కోస్తా జిల్లాల్లో మాలాంటి తెలుగు ముస్లింలు చాలామందే ఉన్నారు గానీ, బయటివాళ్ళకి ముస్లిం అనగానే ఉర్దూ, పాతబస్తీ, బిర్యానీ ఇవే గుర్తొస్తాయి. 2023లో హజ్ కమిటీ డ్రాలో నాకూ మా వారికీ పేర్లొచ్చాయి. నేను స్కూల్లో టీచర్ని, ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి స్టాఫ్‌రూమ్‌లో కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగేవాళ్ళు. చెడ్డ మనసుతో అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. వాట్సాప్‌లో వచ్చినవీ, చిన్నప్పుడు ఎవరో చెప్పగా విన్నవీ మనసులో పెట్టుకుని, ఇప్పుడు అడగడానికి ఒక మనిషి దొరికింది కాబట్టి అడిగారు, అంతే. వాటికి అక్కడ నాకు దొరికిన జవాబులు రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. "గవర్నమెంటే కదా పంపించేది" అని కనీసం పదిమంది అన్నారు. విమాన టికెట్టు మీద ఒకప్పుడు సబ్సిడీ ఉన్నమాట నిజమే. పదేళ్ళలో దాన్ని తీసేయమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, కేంద్రం 2018లోనే ఆపేసింది. మేం మనిషికి మూడు లక్షలకు పైనే కట్టుకున్నాం, అది మా జీతాల్లోంచి ఏళ్ళ తరబడి దాచింది. అసలు స్తోమత ఉన్నవాళ్ళకే హజ్ విధి అని ఖురాన్‌లోనే ఉంది, లేనివాళ్ళు వెళ్ళకపోతే పాపమేమీ లేదు.

ఇంకొకటి, "అక్కడికెళ్ళొస్తే చేసిన పాపాలన్నీ పోతాయట కదా" అని. ఇది సగమే నిజం. దేవుడికీ నాకూ మధ్య ఉన్నవి ఆయన క్షమిస్తాడని మా నమ్మకం, కానీ సాటిమనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే క్షమించాలి. అందుకే హజ్‌కి బయల్దేరేముందు బాకీలు తీర్చి, బంధువుల ఇళ్ళకీ ఇరుగుపొరుగు ఇళ్ళకీ వెళ్ళి, తెలిసో తెలియకో ఏమైనా అని ఉంటే మాఫ్ చేయండి అని అడుగుతాం. పొలం గట్టు గొడవలో ఏళ్ళుగా మాటల్లేని చిన్నాన్న ఇంటికి మా వారు ఒక్కరే వెళ్ళారు. చిన్నాన్న లోపలికి రమ్మనలేదు, అరుగు దగ్గరే నిలబెట్టి అంతా విని, ఆఖర్న "క్షేమంగా వెళ్ళి రండ్రా" అని మాత్రం అన్నారు. ఆ రోజు రాత్రి మా వారు అన్నం సరిగ్గా తినలేకపోయారు, కానీ నిద్ర మాత్రం బాగా పట్టిందన్నారు.

శంషాబాద్‌లో విమానం ఎక్కి జిద్దాలో దిగాం. అక్కడి నుంచి బస్సులో మక్కాకి వెళ్ళి, చాలామంది భారతీయులకి ఇచ్చినట్టే మాకూ అజీజియా అనే పేటలో గది ఇచ్చారు. అక్కడి నుంచి బస్సులో హరమ్‌కి, అంటే నల్ల వస్త్రం కప్పిన చతురస్రపు కట్టడం కాబా ఉన్న పెద్ద మసీదుకి.

కాబా గురించి చెప్పాలంటే ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరికీ అనుమానాలు అక్కడే ఉన్నాయి. "విగ్రహాన్ని పూజించం అంటారు, మరి ఆ నల్ల రాతికి మొక్కుతారు కదా మేడమ్" అని మా సైన్స్ మేడమ్ అడిగారు. "లోపల ఏదో దాచిపెట్టారట, ఎవరినీ చూడనివ్వరట" అని ఇంకొకరు. కాబా లోపల ఏమీ లేదు. పైకప్పుని మోసే మూడు చెక్క స్తంభాలు, పాలరాతి నేల, వేలాడే దీపాలు, అంతే. తాళం చెవి తరతరాలుగా బనూ షైబా అనే ఒక కుటుంబం దగ్గరే ఉంటోంది, అప్పుడప్పుడూ తలుపు తెరిచి లోపల కడుగుతారు. క్రీ.శ. 630లో ముహమ్మద్ ప్రవక్త (స) మక్కాలోకి వచ్చినప్పుడు అక్కడున్న విగ్రహాలన్నీ తీయించేశారు. అదే రోజు బిలాల్ అనే అబిసీనియా మనిషి, ఒకప్పుడు బానిసగా దెబ్బలు తిన్నవాడు, కాబా పైకప్పు ఎక్కి అజాన్, అంటే నమాజుకి పిలుపు, ఇచ్చాడు. దేవుడనుకునేదాని నెత్తి మీద ఎవరైనా కాళ్ళు పెట్టి నిలబడతారా, మీరే చెప్పండి. కాబా మూలలో పొదిగిన నల్లరాయి దగ్గరికొస్తే, ప్రవక్త తర్వాత ముస్లింలకి రెండో నాయకుడైన ఖలీఫా ఉమర్ దాన్ని ముద్దాడి, నువ్వు రాయివని నాకు తెలుసు, నువ్వు మేలూ చేయలేవు కీడూ చేయలేవు, ప్రవక్త ముద్దాడగా చూశాను కాబట్టే ముద్దాడుతున్నాను అన్నారు. ఇది హదీసుల్లో, అంటే ప్రవక్త, ఆయన సహచరుల మాటలూ చేతలూ రాసిపెట్టిన గ్రంథాల్లో, ఉన్న మాట. ఆ తోపులాటలో నేను దాని దగ్గరికి వెళ్ళలేకపోయాను, దూరం నుంచే చెయ్యెత్తి సాగిపోయాను, దానివల్ల హజ్‌లో ఏ లోటూ రాదు.

హజ్ రోజుల్లో కాబా నల్ల వస్త్రాన్ని కింద నుంచి పైకి మడిచి, ఆ మేర తెల్ల గుడ్డ కడతారు, జనం చేతులు తగిలి పాడవకుండా. నేను ఫోటోల్లో చూసిన దానికీ కళ్ళెదుట ఉన్నదానికీ మొదట కనిపించిన తేడా అదే. నన్ను అంతకన్నా కదిలించింది నమాజు వేళ. మన దగ్గర మసీదులన్నీ పడమర వైపు తిరిగి ఉంటాయి కాబట్టి, ముస్లింలు పడమరకి మొక్కుతారని, సూర్యుడు మునిగే దిక్కుకి మొక్కుతారని ఊళ్ళో చాలామంది అనుకుంటారు. అమెరికాలో ఉండే మా తమ్ముడు ఈశాన్యం వైపు తిరిగి చదువుతాడు. ఇక్కడ మసీదంతా కాబా చుట్టూ గుండ్రంగా వరసలు కట్టింది. మేం ఒక వైపు నుంచి వంగుతుంటే కాబాకి అవతల ఉన్నవాళ్ళు మాకు ఎదురుగా వంగుతున్నారు, కొందరు తూర్పుకి, కొందరు ఉత్తరానికి. దిక్కుకి విలువ లేదు. మొదట్లో ముస్లింలు జెరూసలేం వైపు తిరిగే నమాజు చదివేవాళ్ళు, 624లో మక్కా వైపు మారింది. అందరూ ఒకే చోటుకి తిరిగి నిలబడాలనే కాబా, అంతకు మించి కాదు.

ఇక ఆడవాళ్ళ విషయం. ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరూ కాస్త గొంతు తగ్గించి అడిగారు, నా మీద జాలి పడుతున్నట్టు. "మీలో ఆడవాళ్ళని మసీదులోకి రానివ్వరు కదా?" హరమ్‌లో తవాఫ్ చేస్తుంటే, అంటే కాబా చుట్టూ తిరుగుతుంటే, నా ముందు ఒక నైజీరియా ఆవిడ, వెనక ఇండోనేషియా బామ్మ, పక్కన ఎవరో తుర్కీ దంపతులు, అందరం ఒకే ప్రవాహంలో తిరుగుతున్నాం. నమాజు వేళకి మాకు వేరే చోటు చూపిస్తారు, కానీ అది అదే మసీదులో, అదే ఇమాం వెనక. ఇంకో సంగతి చాలామంది ముస్లింలకే తెలియదు: ఇహ్రామ్‌లో, అంటే హజ్ దీక్షలో, ఉన్నప్పుడు ఆడవాళ్ళు ముఖానికి నికాబ్ కట్టకూడదు, చేతులకు గ్లౌజులు వేసుకోకూడదు, ఇది ప్రవక్త మాట. మగవాళ్ళకి కుట్టని రెండు తెల్ల గుడ్డలే, మాకు మామూలు బట్టలు, తల కప్పుకుని ముఖం తెరుచుకుని. 2018 నుంచి మన దేశంలో 45 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు మగతోడు లేకుండా కూడా హజ్‌కి వెళ్ళొచ్చు. నేను వెళ్ళిన ఏడాది అలా వచ్చినవాళ్ళు నాలుగు వేలకు పైనే. వాళ్ళలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పవిత్రమైన జమ్‌జమ్ నీళ్ళ కుళాయిల దగ్గర పలకరించింది, తెలుగు వినపడగానే చెయ్యి పట్టుకుంది. భర్త పోయాక టైలరింగ్ చేసి కూడబెట్టిన డబ్బుతో వచ్చిందట.

సఫా, మర్వా అనే రెండు గుట్టల మధ్య ఏడుసార్లు నడవడాన్ని సయీ అంటారు. హజ్‌లో ఇది తప్పనిసరి. ఇది ఎవరి నడక? ఏ రాజుదో, ఏ ప్రవక్తదో కాదు, హాజిరా అనే ఒక తల్లిది. ఈజిప్టు నుంచి వచ్చిన దాసి అంటారు ఆవిడని. చంటిపిల్లాడు ఇస్మాయీల్‌తో చెట్టూ నీరూ లేని ఆ లోయలో భర్త ఇబ్రాహీం ప్రవక్త ఆమెను వదిలి వెళ్తుంటే, ఇది దేవుడి ఆజ్ఞేనా అని అడిగింది. అవునంటే, అయితే ఆయన మమ్మల్ని వదిలేయడు అంది. అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. నీళ్ళ కోసం ఈ గుట్టెక్కి చూసి, దిగి, పరిగెత్తి, ఆ గుట్టెక్కి చూసి, ఏడుసార్లు. చివరికి నీళ్ళు పుట్టింది ఆమె వెతికిన చోట కాదు, పిల్లాడి కాళ్ళ దగ్గర. అదే జమ్‌జమ్.

ఇప్పుడక్కడ పాలరాతి నేల, ఏసీ, అంతస్తులు, మధ్యలో వీల్‌చైర్లకి దారి. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి దాదాపు 450 మీటర్లు, ఏడూ కలిపితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో కొంత దూరం పైన పచ్చ లైట్లు ఉంటాయి. పూర్వం అక్కడ లోయ పల్లంగా ఉండేది, పల్లంలోకి దిగితే పిల్లాడు కనపడడు కాబట్టి హాజిరా అక్కడ పరిగెత్తింది. అందుకే ఆ పచ్చ లైట్ల కింద మగవాళ్ళు ఈ రోజుకీ పరిగెత్తుతారు. ఆడవాళ్ళం మామూలుగా నడుస్తాం. నేను ఓ పక్కకి ఆగి చూశాను. గడ్డాలు నెరిసినవాళ్ళు, పెద్ద పెద్ద ఆఫీసర్లలా ఉన్నవాళ్ళు, కుర్రాళ్ళు, మా వారితో సహా, ఒక దాసి పడ్డ ఆదుర్దాని తమ కాళ్ళతో పడుతున్నారు. ఇస్లాంలో ఆడదానికి చోటు లేదని ఎవరన్నా ఆ పచ్చ లైట్లే నాకు కళ్ళ ముందు కదులుతాయి.

ముస్లిం సమాజంలో ఆడవాళ్ళకి అన్యాయం జరగడం లేదని నేను అనను. ఒక్క గుక్కలో మూడుసార్లు తలాక్ అని బయటికి గెంటేసిన ఆడపిల్లలు మా బంధువుల్లోనే ఉన్నారు, ఖురాన్ చెప్పిన పద్ధతి అది కానే కాదు, సుప్రీంకోర్టు 2017లో కొట్టేసినప్పుడు మా అమ్మ సంతోషించింది. ప్రవక్త మొదటి భార్య ఖదీజా వ్యాపారస్తురాలు, ఆయన ఆమె దగ్గర పనిచేశారు, పెళ్ళి మాట ఎత్తింది ఆమే. ఇది చెప్పుకుని గర్వపడే మగవాళ్ళే ఇంట్లో కూతురికి ఆస్తిలో ఖురాన్ ఇచ్చిన వాటా కూడా ఇవ్వరు. అది మతం తప్పు కాదు, మనుషుల తప్పు, కానీ దెబ్బ తినే ఆడదానికి ఆ తేడా చెప్తే ఏం లాభం?

మక్కా బయట ఉన్న అరఫాత్ మైదానం హజ్‌కి గుండెకాయ. ఆ మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే, ఆ ఏడాది వచ్చిన 18 లక్షలకు పైగా జనం ఆ మైదానంలో ఉండి, సూర్యాస్తమయం దాకా దుఆ, అంటే ప్రార్థన, చేశాం. నా దుఆ అంతా తెలుగులోనే. అరబ్బీ రాకపోతే దేవుడికి అర్థం కాదా అని బెంగపడాల్సిన పనే లేదు, ప్రపంచ ముస్లింలలో అరబ్బులు దాదాపు ఐదో వంతే. 632లో అక్కడే ప్రవక్త తన ఆఖరి హజ్‌లో మాట్లాడారు. ఆ హజ్ ప్రసంగాల్లోనే అరబ్బుకి అరబ్బేతరుడి మీద గానీ, తెల్లవాడికి నల్లవాడి మీద గానీ ఆధిక్యం లేదన్నారు. మీ ప్రాణాలు, మీ ఆస్తులు, మీ గౌరవం ఈ రోజంత, ఈ నగరమంత పవిత్రమన్నారు. ఇస్లాం అంటేనే రక్తపాతం అనుకునేవాళ్ళకి ఈ మాటలు తెలియాలి. ఇహ్రామ్‌లో ఉన్నవాళ్ళు వేటాడకూడదు, మక్కా హద్దుల్లో చెట్టు కొమ్మ విరచకూడదు, ఎవరితోనూ గొడవ పడకూడదు. మతం పేరుతో తుపాకులు పట్టేవాళ్ళు ఆ హరమ్‌నే వదల్లేదు, 1979లో సాయుధులు దాన్ని ఆక్రమించి రెండు వారాలు జనాన్ని చంపారు. వాళ్ళ చేతుల్లో చచ్చిపోయింది నమాజుకి వచ్చిన ముస్లింలు, వాళ్ళని పట్టడానికి వెళ్ళిన ముస్లింలు.

రాత్రి ముజ్దలిఫాలో ఆరుబయట పడుకున్నాం. సైతానుపై విసిరే రాళ్ళు అక్కడే ఏరుకుంటారు, శనగగింజంత రాళ్ళు. ఆ రాళ్ళు విసిరే గోడలో సైతాను కూర్చున్నాడని ఎవరూ అనుకోరు, మనసులో చెడ్డ ఆలోచనని తిప్పికొట్టడానికి గుర్తు అది. తర్వాత ఖుర్బానీ, అంటే జంతుబలి. "వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌ను చేరవు, మీ భక్తే చేరుతుంది" అని ఖురాన్ చెప్తుంది. అక్కడ కోసిన మాంసం వృథాగా పారేస్తారన్నది పాతకాలపు మాట, 1983 నుంచి దాన్ని శీతలీకరించి పేద దేశాలకు పంపే ఏర్పాటు ఉంది. మా వారు గుండు చేయించుకుని గుడారంలోకి వస్తే తిరుపతి నుంచి వచ్చినట్టున్నారు అన్నాను. ఆడవాళ్ళం జుట్టు చివర వేలి కణుపంత కత్తిరించుకుంటే చాలు.

మదీనాలో ప్రవక్త సమాధి దగ్గర సలాం చెప్తాం, అంతే. అక్కడ సజ్దా, అంటే నేలకి నుదురు ఆనించి మొక్కడం, లేదు, కోరికలు కోరడం లేదు. ఆయన చనిపోయిన రోజున ఆయన సహచరుడు అబూబక్ర్ జనంతో, ముహమ్మద్‌ను ఆరాధించేవాళ్ళు ఉంటే ఆయన చనిపోయారని తెలుసుకోండి, అల్లాహ్‌ను ఆరాధించేవాళ్ళయితే ఆయనకు చావు లేదు అన్నారు. పక్కనే ఉన్న బఖీ శ్మశానంలో ప్రవక్త కుటుంబీకుల సమాధుల మీద కూడా పేర్లు లేవు, మట్టీ రాళ్ళూ అంతే.

తిరిగొచ్చాక జమ్‌జమ్ నీళ్ళూ ఖర్జూరాలూ స్కూల్లో పంచాను. "మేం తాగొచ్చా?" అని అడిగారు, ఎవరైనా తాగొచ్చు. "మేం వెళ్ళి చూడొచ్చా?" అన్నారు మా సైన్స్ మేడమ్. మక్కాలోకి ముస్లిమేతరులకి అనుమతి లేదు, అది అపోహ కాదు, నిజమే. ఆవిడకి ఆ సఫా, మర్వా చూపించాలని నాకు చాలా ఉంది, కుదరదు.

కుదిరేది ఒకటి ఉంది. మా ఊరి మసీదులో ఆడవాళ్ళకి చోటు లేదు, ఎప్పుడూ లేదు, అందుకే ఊళ్ళో అందరూ ఇస్లాంలోనే లేదనుకుంటారు. అల్లాహ్ దాసీలను మసీదులకు వెళ్ళకుండా ఆపవద్దని ప్రవక్త చెప్పిన మాట ఒక కాగితం మీద రాసుకుని, మేం కొంతమంది ఆడవాళ్ళం కమిటీ పెద్దల దగ్గరికి వెళ్ళాం. వజూకి, అంటే నమాజుకి ముందు కాళ్ళూచేతులూ కడుక్కోవడానికి, చోటు లేదన్నారు, మెట్లు ఇరుకన్నారు, చూద్దామన్నారు. రంజాన్‌కి ముందు మేడ మీద చాపలూ పాత ఫ్యాన్లూ పడేసిన గది ఖాళీ చేసి ఇచ్చారు. రంజాన్ రాత్రుల్లో చదివే తరావీహ్ నమాజుకి ముసలమ్మల నుంచి ఆడపిల్లల దాకా వస్తున్నాం. శుక్రవారం జుమాకి కూడా ఆ గది కావాలని అడిగాం, ఇంకా తేల్చలేదు.