నేల మీద గడిచిన శనివారం

శనివారం, రాత్రి 10:20

పొద్దున ఇండియన్ స్టోర్ నుంచి వచ్చి, కారు డిక్కీలోంచి 20 పౌండ్ల సోనామసూరి బస్తా తీస్తుంటే నడుము పట్టేసింది. బస్తా చేతిలోనే ఉంది, నేను వంగిన చోటే ఉండిపోయాను. గట్టిగా ఊపిరి తీసినా వెన్ను కింద ఎవరో మెలిపెట్టినట్టు ఉంది. ఆయన పరుగెత్తుకొచ్చి బస్తా అందుకున్నారు. వంటింట్లోంచి అత్తయ్య స్టవ్ ఆర్పేసి వచ్చారు.

"సోఫాలో కూర్చోబెట్టకురా, కూర్చుంటే ఇంకా బిగుసుకుపోతుంది. కింద చాప వేస్తాను, వెల్లకిలా పడుకోనీ" అన్నారు.

తెనాలి నుంచి వచ్చేటప్పుడు అత్తయ్య తన చాప తనే తెచ్చుకున్నారు. దాని మీద దుప్పటి, నా మోకాళ్ల కింద రెండు దిండ్లు, నడుముకి అమృతాంజనం, ఆపైన వేడినీళ్ల కాపడం. తొమ్మిదిన్నర నుంచి చీకటి పడేదాకా హాల్లో అలాగే ఉన్నాను. అమ్మాయికి మధ్యాహ్నం బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఉంది. ఈ సీజనులో నేను ఒక్కటి కూడా వదల్లేదు, ఈరోజు వెళ్లలేకపోయాను. వాళ్ల నాన్న తీసుకెళ్లారు.

తలుపు మూసుకున్నాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఫ్యాన్ వైపు చూస్తూ పడుకుంటే, ఒకప్పుడు అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఆడిన స్టీవ్ నాష్ గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో ఫీనిక్స్‌లో ఆట చూసినవాళ్లెవరూ ఆ దృశ్యం మర్చిపోలేరు. కాసేపు విశ్రాంతి కోసం కోచ్ బయటికి పిలిస్తే మిగతావాళ్లు వెళ్లి బెంచ్ మీద కూర్చునేవాళ్లు. నాష్ మాత్రం కోర్టు అంచున నేల మీద పడుకునేవాడు. వేలమంది జనం, చెవులు పగిలే సంగీతం, దేశమంతా చూసే కెమెరాలు ఉన్నా అలా పడుకునే ఆట చూసేవాడు. అతని వెన్నులో ఒక పూస కింది పూస మీద నుంచి ముందుకు జరిగి ఉండేది. స్పాండిలోలిస్థెసిస్ అంటారు. కూర్చుంటే నడుము చుట్టూ కండరాలు బిగుసుకుపోతాయి, మళ్లీ లేచి పరుగెత్తడం కష్టం. అత్తయ్య పొద్దున చెప్పింది అచ్చంగా అదే.

నాష్, నేను ఒకే వేసవిలో ఫీనిక్స్ వచ్చాం. 2004 ఆగస్టులో నేను ఫీనిక్స్ పక్కనే ఉన్న టెంపీలో, అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్‌కి చేరాను. దానికి నెల ముందే అతను డాలస్ జట్టుని వదిలి ఫీనిక్స్ జట్టు సన్స్‌కి తిరిగొచ్చాడు. తిరిగి అని ఎందుకంటున్నానంటే, జట్లు కొత్త ఆటగాళ్లని వరుసగా ఎంచుకునే డ్రాఫ్టులో, 1996లో, 15వ పేరుగా అతన్ని మొదట ఎంచుకున్నది సన్సే. ఆ పేరు చదివినప్పుడు ఇక్కడి అభిమానులే ఎద్దేవా చేశారట. రెండేళ్లకే డాలస్‌కి పంపేశారు. 2004లో అతనికి 30 ఏళ్లు. ఆ వయసు వెన్ను మీద అంత డబ్బు పెట్టడానికి అప్పటి డాలస్ యజమాని మార్క్ క్యూబన్ వెనకాడాడు, సన్స్ ముందుకొచ్చింది.

మేము నలుగురు అమ్మాయిలం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, టీవీ లేదు. పైఅంతస్తులో తెలుగు సీనియర్ల దగ్గర పాత టీవీ ఒకటి ఉండేది. మేము పప్పు వండి పట్టుకెళ్లేవాళ్లం, వాళ్లు అన్నం వండేవాళ్లు, అందరం కలిసి ఆట చూస్తూ తినేవాళ్లం. నాకు బాస్కెట్‌బాల్ రూల్స్ ఒక్కటీ తెలియదు. బళ్లో ఉన్నప్పుడు ఖోఖో ఆడేదాన్ని, అంతే. కానీ నాష్ ఆట అర్థం కావడానికి నాకు ఆ ఖోఖోయే సరిపోయింది. ఖోఖోలో వేగంగా పరుగెత్తేవాళ్లు చాలామంది ఉంటారు. తనకి అందదని తెలిసిన క్షణంలో, సరిగ్గా ఏ స్నేహితురాలి వీపు తట్టి ఖో ఇస్తే ఎదుటిపిల్ల చిక్కుతుందో చూడగలిగేవాళ్లు జట్టుకి ఒకరో ఇద్దరో. నాష్ చేసేది అదే. పైనుండే అన్నయ్య ఒకరు, "బంతిని చూడకు, అతని కళ్లు చూడు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

జట్టులోని అమారే స్టౌడమైర్ వచ్చి, నాష్‌ని కాపలా కాసే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడేవాడు. ఆ సందులోంచి నాష్ లోపలికి దూరేవాడు. ఇప్పుడు బంతి విసురుతాడనుకుంటే విసిరేవాడు కాదు, బంతిని నేలకేసి కొట్టే డ్రిబుల్ ఆపకుండా బాస్కెట్ కిందుగా వెళ్లి అవతలి పక్కన తేలేవాడు. బంతి చేతిలో ఉన్నంతసేపు ఎదుటి ఐదుగురూ అతని వైపే తిరిగి ఉండాలి. వాళ్లు తిరిగిన ఆ ఒక్క క్షణంలో మూలన ఒంటరిగా నిలబడ్డవాడి చేతిలోకి బంతి వెళ్లిపోయేది. జట్టుకి షాట్ వేయడానికి 24 సెకన్ల గడువు ఉంటే, కోచ్ మైక్ డాంటోనీ మొదటి ఏడు సెకన్లలోనే వేసేయమనేవాడు. ముందు సీజనులో 29 ఆటలు మాత్రమే గెలిచిన జట్టు ఆ ఏడాది 62 గెలిచింది. నాష్‌కి సగటున ఆటకి 15.5 పాయింట్లు, 11.5 అసిస్టులు, అంటే తోటివాళ్లు బాస్కెట్ వేసేలా అందించిన బంతులు. ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు అతనికే ఇచ్చారు. సీజను చివర, ఏడు ఆటల్లో నాలుగు ముందు గెలిచినవాళ్లే మిగిలే ప్లేఆఫ్స్‌లో, డాలస్ మీద ఆరో ఆటలో 39 పాయింట్లు కొట్టి, తను వదిలి వచ్చిన జట్టునే ఇంటికి పంపాడు. ఆ రాత్రి పైఅంతస్తులో అరిచిన అరుపులకి అపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. మరుసటి ఏడాది మోకాలి ఆపరేషన్‌తో అమారే దాదాపు సీజనంతా లేడు. అయినా 54 గెలిచారు, ఎంవీపీ మళ్లీ నాష్‌కే. అప్పటికి 32 ఏళ్లు.

ఆరడుగుల మూడంగుళాల మనిషి. మన లెక్కన పొడుగే, ఆ లీగులో మాత్రం చిన్నవాడి కిందే లెక్క. గాల్లోకి ఎగిరి బంతిని రింగులో కుక్కే రకం కాదు. పుట్టింది జొహానెస్‌బర్గ్‌లో, పెరిగింది కెనడాలోని విక్టోరియాలో. తండ్రి ఫుట్‌బాల్ ఆటగాడు, తమ్ముడు మార్టిన్ ఫుట్‌బాల్‌లో కెనడా తరఫున ఆడాడు. హైస్కూల్ అయ్యాక స్కాలర్‌షిప్ ఇస్తామని పిలిచింది ఒక్క కాలేజీ, కాలిఫోర్నియాలోని శాంటా క్లారా. అక్కడ క్యాంపస్‌లో క్లాసులకి నడిచి వెళ్తూ టెన్నిస్ బంతిని డ్రిబుల్ చేసేవాడట. 1993లో, మొదటి ఏడాదిలోనే, కాలేజీల జాతీయ టోర్నమెంట్‌లో 15వ సీడుగా, అంటే ర్యాంకుల్లో బాగా అడుగున వచ్చిన శాంటా క్లారా రెండో సీడు అరిజోనా యూనివర్సిటీని ఓడించింది. 64-61. చివర్లో వరుసగా 6 ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ అయినప్పుడు ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్లు, వేసింది నాష్. మా పాత ఆఫీసులో టూసాన్‌లో, ఆ అరిజోనా యూనివర్సిటీలోనే చదివిన ఆయన ఒకరు ఉండేవారు. ఆ ఆట మాట ఎత్తితే చాలు, మొహం అటు తిప్పుకునేవారు.

ఫ్రీ త్రో దగ్గర అతను చేసే పని నాకు ఎంతో ఇష్టం. రెఫరీ బంతి ఇవ్వకముందే ఖాళీ చేతులతో షాట్ వేసినట్టు చేసేవాడు. వేళ్లు నాలుకకి తాకించి, జుట్టు చెవుల వెనక్కి తోసుకుని, అప్పుడు బంతి తీసుకునేవాడు. కెరీర్ మొత్తం మీద నూటికి 90.4 పడ్డాయి. మా అమ్మాయికి ఆ ఖాళీ చేతుల షాట్ నేనే నేర్పాను. వాళ్ల కోచ్ చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగారట.

మధ్యాహ్నం పన్నెండింటికి అత్తయ్య నాకు పెరుగన్నం కలిపి తెచ్చారు. పడుకునే ఎలా తినాలో ఆవిడే చూపించారు, తల కింద దిండు ఎత్తి, చిన్న చిన్న ముద్దలు చేసి నోటికి అందించారు. మా అమ్మ పోయాక నాకు ఎవరైనా అలా తినిపించడం ఇదే మొదటిసారి. ఇంకేం మాట్లాడలేకపోయాను. ఆవిడా మాట్లాడలేదు.

ఇరవై రెండేళ్ల వయసులో నాకు నాష్ పాస్‌లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆ నేల మీది మనిషి ఆటలో ఒక విరామం మాత్రమే, టీవీ వాళ్లు చూపించి వదిలేసే ముచ్చట. ఈరోజు ఎనిమిది గంటలు అలా పడుకున్నాక అనిపించింది, అతని కెరీర్ నిలబడింది ఆ నేల మీదేనని. ఆట ముందు గంటలు, ఆట తర్వాత గంటలు ఆ నడుముతోనే గడిచేవి. అప్పటి సన్స్ ట్రైనర్ ఆరన్ నెల్సన్ చేతి కింద ముదురు ఆటగాళ్లు కోలుకోవడం లీగంతా చెప్పుకునే విషయం. ఏళ్ల తరబడి గాయాలతో కునారిల్లిన గ్రాంట్ హిల్ ఫీనిక్స్ వచ్చాకే, 2008-09లో, జీవితంలో మొదటిసారి ఒక సీజన్‌లోని 82 ఆటలూ ఆడాడు. నాష్ తీపి మానేశాడు. 36 ఏళ్ల వయసులో 2010లో, శాన్ ఆంటోనియోతో నాలుగో ఆటలో టిమ్ డంకన్ మోచెయ్యి తగిలి కుడి కన్ను వాచి మూసుకుపోయింది. కుట్లు వేయించుకుని వచ్చి, చివరి భాగమంతా ఒంటి కన్నుతో ఆడి సిరీస్ ముగించాడు. అన్నేళ్లు మమ్మల్ని ఏడిపించిన జట్టు మీద 4-0.

అంతకు మూడేళ్ల ముందు, 2007లో, అదే జట్టు మీద మొదటి ఆటలో టోనీ పార్కర్ తల తగిలి ముక్కు చీలింది. రక్తం కారుతుంటే కోర్టులో ఉండనివ్వరు. ఎన్నిసార్లు కట్టు వేసినా ఆగలేదు. చివరి నిమిషంలో అందరికన్నా కావాల్సిన మనిషి బయట నిలబడి చూడాల్సి వచ్చింది. నాకు పెళ్లయిన కొత్త. ఆయనకి ఆటంటే ఆసక్తి లేదు. నేను ఏడుస్తుంటే ఏమైందో తెలియక కంగారుపడి టీవీ ఆపేశారు.

నాష్ చాంపియన్‌షిప్ గెలవలేదు, ఫైనల్ కూడా ఆడలేదు. 2012లో లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కి వెళ్లినప్పుడు నాకు చాలా కష్టమేసింది. రెండేళ్ల క్రితమే మమ్మల్ని ఇంటికి పంపిన జట్టు అది. అక్కడ రెండో ఆటలోనే, పోర్ట్‌ల్యాండ్‌లో, డేమియన్ లిల్లార్డ్‌తో ఢీకొని కాలి ఎముక చిట్లింది. ఆ తర్వాత నరాల నొప్పి వదల్లేదు. 2013-14లో ఆడింది 15 ఆటలే. ఆ కొద్ది ఆటల్లోనే మొత్తం అసిస్టుల్లో మార్క్ జాక్సన్‌ని దాటి అప్పటికి మూడో స్థానానికి వచ్చాడు. జాక్సన్‌వి 10,334. నాష్‌వి 10,335. అక్కడే ఆగిపోయింది.

రిటైర్ అవ్వకుండా ఎందుకు ఉన్నావని అడిగితే, డబ్బు కూడా ఒక కారణమని దాచకుండా చెప్పాడు. లాస్ ఏంజెలెస్‌లో చాలామందికి అది నచ్చలేదు. నాకు తప్పనిపించలేదు. వెన్ను అరిగేదాకా చేసిన పనికి కాగితం మీద రాసుకున్న జీతం అడిగాడు. మా నాన్న రిటైరైన తర్వాత రావాల్సిన బకాయి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగేళ్లు తిరగడం చూసినదాన్ని నేను.

2014 అక్టోబరులో, సీజను మొదలవకముందే, బ్యాగులు మోస్తుంటే నడుము పట్టేసింది. బ్యాగులే! మైదానంలో ఎవరూ తోయలేదు, పడలేదు. 40 ఏళ్ల మనిషి సామాను ఎత్తాడు, అంతే. ఆ సీజన్ ఆడలేదు. 2015 మార్చిలో ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. ఆ వార్త చదివినప్పుడు నాకు బ్యాగుల సంగతి ఒక వింత వివరంగా మాత్రమే అనిపించింది. ఈరోజు గరాజ్‌లో బస్తా పట్టుకుని వంగిపోయిన ఆ నిమిషంలో, నొప్పి కన్నా ముందు నాకు కలిగింది భయం. నా ఒంట్లో నేను ఎన్నడూ పట్టించుకోని ఒక పూస, రేపు ఉద్యోగానికి వెళ్లగలనో లేదో తేలుస్తుందని. అతను ఆ భయంతోనే అన్ని వేల పాస్‌లు ఇచ్చాడు.

నాలుగింటికి వాళ్లు వచ్చారు. అత్తయ్య గుమ్మంలోనే, "ఎన్ని కొట్టావే తల్లీ?" అన్నారు.

"రెండే నానమ్మా" అంది అమ్మాయి, బూట్లు విప్పుతూ.

"గెలిచారా మరి?"

"గెలిచాం."

నేను అసిస్టులు ఎన్నని అడిగాను. తను లెక్కపెట్టలేదట. వాళ్ల నాన్న లెక్కపెట్టారు. ఏడు. ఆట పట్టని మనిషి, నేను రాలేదని ఫోన్లో గీతలు గీసుకుంటూ కూర్చున్నారట. ఆ స్క్రీన్ నా మొహం ముందు పెట్టి చూపించారు. నాలుగు గీతలకి అడ్డంగా ఒక గీత, పక్కన ఇంకో రెండు.

అత్తయ్యకి అసిస్ట్ అంటే ఏంటో నేను చెప్పబోయాను. నాకన్నా ముందు అమ్మాయి చెప్పింది: "నేను ఇచ్చిన బంతితో వేరేవాళ్లు వెయ్యాలి నానమ్మా, అప్పుడు అది నాది కూడా." అత్తయ్య కాసేపు ఆలోచించి, "అయితే తొమ్మిది కొట్టావన్నమాట" అన్నారు.

రాత్రి అన్నాలయ్యాక అమ్మాయి వచ్చి నా పక్కన చాప మీద పడుకుంది. నాష్ పాత వీడియోలు పెట్టమంది. బాస్కెట్ కిందుగా తిరిగి వచ్చే ఆ డ్రిబుల్ మూడుసార్లు వెనక్కి పెట్టి చూసింది. ఒకచోట కెమెరా బెంచ్ వైపు తిరిగింది, నేల మీద నాష్.

"అమ్మా, అతనికి కూడా బియ్యం బస్తానా?"

"కాదు, వెన్నులో ఒక ఎముక జరిగింది."

"తర్వాత తగ్గిపోయిందా?"

"లేదు. అలాగే ఆడాడు."

తను ఫోన్ పక్కన పెట్టి, అతను పడుకున్నట్టే పడుకుని కాసేపు పైకి చూసింది. ఇక్కడి నుంచి అందరి కాళ్లు మాత్రమే కనిపిస్తాయి కదా, పాస్ ఎవరికివ్వాలో ఎలా తెలుస్తుంది అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే నిద్రపోయింది. వాళ్ల నాన్న ఎత్తుకోబోతే నేను వద్దన్నాను, ఇంట్లో ఇంకో నడుము పట్టేయకూడదు. లేపి, నడిపించి తీసుకెళ్లారు.

ఇప్పుడు కాస్త పక్కకి తిరగగలుగుతున్నాను. చాప తీసేయమంటారా అని అడిగితే, రేపటికి కూడా ఉండనీ అన్నారు అత్తయ్య. అమ్మాయి దిండు ఇక్కడే మర్చిపోయింది.