‘ఏమో’ ఎక్కడ జారిపోయింది

మన బడి బ్యాచ్ కలయికకి వేసే సంచిక కమిటీ తరఫున జామకాయ మూడోసారి ఫోన్ చేసి, "రెండు పేజీలు చాలే, ఇవాళ పంపకపోతే నీ పేజీలో ఆ విజ్ఞాన యాత్ర ఫొటో వేసేస్తాం" అంది. సరే అని పరీక్ష పేపర్లు పక్కన పెట్టి కూర్చున్నాను. లెక్కల మాస్టారి గురించీ, ట్యాంకు పడిపోయిన రోజు గురించీ, గేటు దూకిన కథల గురించీ మీరంతా ఎలాగూ రాస్తారు. నా దగ్గర రాయడానికి ఒక్కటే ఉంది. తొమ్మిదో తరగతిలో తుఫాను తర్వాతి మూడు నెలలు, ‘ఎవరు చూశారు’ మాస్టారు, అట్ట ఊడిపోయిన ఆ లాంగ్ నోట్‌బుక్. మిగతా నాలుగేళ్ళు నాకు పెద్దగా గుర్తు లేవు.

1996 నవంబరు 6, బుధవారం, కోనసీమ తుఫాను. ఆ రాత్రి సంగతి మనలో ఒకరికి ఒకరు చెప్పుకోవాల్సిన పని లేదు. తెల్లారి బయటికొస్తే ఎప్పుడూ తోటల వెనక ఉండే ఊళ్ళు ఇక్కణ్ణుంచే కనిపించాయి, మధ్యలో చెట్టు లేదు కనక. దీపావళికి మన వీధుల్లో ఒక్క మతాబా వెలగలేదు. బడి తెరిచాక సైన్సు రూముకి కప్పు లేదు, చింతచెట్టు మొండెం పక్కన మన క్లాసు. కరెంటు లేదు, పేపరు రాదు, బస్సు రాదు. వచ్చేవి మాటలే.

ఎన్ని మాటలని! ఇంతకంటే పెద్ద తుఫాను ఇంకోటి బయల్దేరిందని, సముద్రం రాత్రికి రాత్రి ముందుకు జరుగుతోందని, బావుల్లో నీళ్ళు తాగితే కాళ్ళు పడిపోతున్నాయని. ప్రేయర్ అయ్యాక మనం అవే చెప్పుకుంటుంటే మాస్టారు వెనకనించి వచ్చి, "ఎవరు చూశారమ్మా?" "మా బావ చూశాడండి, ఆయ్." "అయితే మీ బావని తీసుకురా, మాట్లాడదాం." బావ రాడు. వచ్చినా, "నేను కాదండి, మా మేస్త్రి చెప్పాడు" అంటాడు. అలా రెండు రోజులయ్యాక ఆ నోట్‌బుక్ తెచ్చి పేజీకి మూడు గడులు గీయించారు. మాట. ఎవరి నోట విన్నారు. వాళ్ళు కళ్ళతో చూశారా. నా రాత గుండ్రంగా ఉంటుందని పుస్తకం నాకిచ్చారు. నవంబరంతా రాశాను. మూడో గడిలో దాదాపు అంతటా ‘లేదు’, ‘లేదు’, ‘లేదు’.

అప్పుడొచ్చింది బియ్యం మాట. సాయం బియ్యం లారీని పేట కుర్రాళ్ళు దారిలోనే దింపేసుకున్నారని. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మీకు తెలుసు. మన పూతరేకు రాయి విసిరాడు, పేటలో ఉండే లీడరు తల పగిలింది, తెల్ల చొక్కా ఎర్రగా అయ్యింది, అరగంటలో గేటు బయట రెండు గుంపులు. పెద్దవాళ్ళు కూడా ఉన్నారు, కర్రలతో ఉన్నారు. మాస్టారు గేటు మూసి, తాళం జేబులో వేసుకుని, గేటు మధ్యలో కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పూతరేకుని కొట్టలేదు, గోడకుర్చీ వేయించలేదు. నన్ను, వాణ్ణి, ఇంకో ఇద్దర్ని పిలిచి, "పుస్తకం పట్టుకోండి, పదండి" అన్నారు. ఆడపిల్ల వీధులు తిరగడమేంటని మా నానమ్మ గొడవ చేస్తే, "రాసే చెయ్యి దానిదేనండి, అది రావాలి" అన్నారు.

ఆ మాట పూతరేకుకి చెప్పింది వాళ్ళ పిన్ని. పిన్నికి చెప్పింది పాలబ్బాయి. పాలబ్బాయి విన్నది మిల్లు గుమాస్తా దగ్గర. గుమాస్తా విన్నది వంతెన పక్క టీకొట్టులో. రెండు పూటలు బురదలో నడిచి టీకొట్టుకి చేరాం. ఆయన గ్లాసులు కడుగుతూ చెప్పాడు, "లారీ తిరిగెళ్తుంటే ఖాళీగా కనపడిందండి, దారిలో ఎక్కడైనా దింపుకున్నారేమో అన్నాను, అంతేనండి." అందులో పేట లేదు, కుర్రాళ్ళు లేరు, దొంగతనం లేదు. మాస్టారు అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి నాచేత వెనక్కి రాయించారు. ‘ఏమో’ గుమాస్తా దగ్గర జారిపోయింది. ‘పేట’ పాల దగ్గర కలిసింది. ‘దొంగలు’ పిన్నిగారి అరుగు మీద పుట్టారు. అక్కణ్ణుంచి తిన్నగా లీడరు ఇంటికి తీసుకెళ్ళారు. వాడికి ఆరు కుట్లు. వాళ్ళమ్మ మా అందరికీ పడిపోయిన చెట్టు బొండాలు కొట్టిచ్చింది. పూతరేకు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మని లీడరే పిలిచాడు.

ఏడేళ్ళ తర్వాత వాల్తేరు యూనివర్సిటీ లైబ్రరీలో ఎం.ఏ. సైకాలజీ చదువుతూ ఒక మధ్యాహ్నం నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అని ఇద్దరు అమెరికన్లు 1947లో పుకార్ల మీద రాసిన పుస్తకం. వాళ్ళు ఒకరికి బొమ్మ చూపించి, ఆ మనిషి చూడనివాడికి చెప్పాలి, వాడు ఇంకొకడికి చెప్పాలి, అలా నడిపించారు. కొన్ని నోళ్ళు దాటేసరికి వివరాలన్నీ రాలిపోతాయి, మిగిలిన ఒకటో రెండో పదునెక్కుతాయి, అవి కూడా చెప్పేవాడి మనసులో ముందే ఉన్న అచ్చులోకి ఒదిగిపోతాయి. బొమ్మలో మంగలికత్తి తెల్లవాడి చేతిలో ఉంది. చాలాసార్లు చివరికొచ్చేసరికి అది నల్లవాడి చేతిలోకి మారిపోయింది. మన టీకొట్టు! మన పాలబ్బాయి, మన అరుగు! ఎవరికి చెప్పాలో తెలియక హాస్టల్ వార్డెన్‌కి చెప్పాను.

దానికన్నా ముందు మన దేశంలోనే జరిగిన పని ఇంకోటి ఉంది, దాని గురించి నేను ఎక్కడికెళ్ళినా చెబుతాను. 1934 జనవరి బీహారు భూకంపం తర్వాత పాట్నాలో జమునా ప్రసాద్ అనే ఆయన జనం నోట నడిచిన మాటల్ని కూర్చుకుని రాసుకున్నారు. 1935లో అచ్చయింది. అవి నేల బాగా ఊగినా ఇళ్ళు పడని చోటి మాటలు. రేపటికి ఇంకో భూకంపం వస్తుంది, వరదొస్తుంది, ప్రళయం వస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా సైకాలజిస్టుకి ఇది తగిలింది. భయపెట్టే మాటల్ని దెబ్బ తగలనివాళ్ళు ఎందుకు కోరి నమ్మారు? వాళ్ళు అప్పటికే భయపడి ఉన్నారు, కళ్ళెదుట మాత్రం ఆ భయానికి తగ్గ కారణం లేదు, ఆ కారణాన్ని పుకారు తెచ్చిచ్చింది. 1957లో ఆయన పేరు మోగిపోయిన ‘కాగ్నిటివ్ డిసొనెన్స్’ సిద్ధాంతానికి (మనసులో ఉన్న రెండు సంగతులు ఒకదానికొకటి పొసగకపోతే మనిషి పడే ఇబ్బంది) మొదటి పురుగు అక్కడే కుట్టింది.

ఆ సంక్రాంతికి ఇంటికొచ్చి మాస్టారి దగ్గర పుస్తకం అడిగి తీసుకుని, ఏ మాట ఏ వీధిదో విడదీశాను. మాటలన్నీ మన పెంకుటిళ్ళ వీధులవే. ఇళ్ళు కొట్టుకుపోయిన కాలవగట్టు వాళ్ళు ఒక్క పుకారు కూడా చెప్పలేదు. వాళ్ళు తాటాకులు వెతుక్కుంటున్నారు. ఆ రాత్రే నేను ఏం చదవాలో తేలిపోయింది.

బుర్రకథ సంగతి రాయకపోతే నన్ను ఎవరూ ఊరుకోరు. వార్షికోత్సవానికి ఈ బియ్యం కథనే కట్టమన్నారు మాస్టారు. కథ నాది, తంబురా నాది (ఆడపిల్ల కథ చెప్పడమేంటని మళ్ళీ నానమ్మ). పక్క వంతల్లో రాజకీయం చెప్పేది లీడరు, హాస్యం పూతరేకు, ఆ జంటను కలిపింది మాస్టారే. కరెంటు ఇంకా రాలేదు. సైన్సు రూములో పెట్రోమాక్సు కింద, తలమీద టార్పాలిన్, పదిహేను రాత్రులు రాశాం. ఒక చరణం కుదరక లీడరు నాలుగు సార్లు చించేశాడు, అయిదోసారి పూతరేకు ఒక్క మాట అందించాడు, అది పడగానే ముగ్గురం ఒకేసారి అరిచాం. బయటికొస్తే కోళ్ళు కూస్తున్నాయి. ఆకలి తెలియలేదు, దోమలు తెలియలేదు. చికాగోలో చీక్‌సెంట్‌మిహాయి అనే పెద్దాయన మనుషులకి పేజర్లు తగిలించి, రోజులో ఎప్పుడు పడితే అప్పుడు మోగించి, ‘ఇప్పుడేం చేస్తున్నావు, ఎలా ఉంది’ అని రాయించేవాడు. ఉన్న నేర్పంతా పెడితేనే అందేంత పని అయినప్పుడు మనిషి తన్ను తాను మర్చిపోతాడని ఆయన తేల్చాడు. ఆ ముక్క చదివినప్పుడు నాకు కిరసనాయిలు వాసన వచ్చింది. తల పగలగొట్టినవాడూ, పగిలినవాడూ ఒక చరణం కోసం అలా కూర్చోవడం నేను చూశాను. పరిశోధనలో అంతకన్నా గట్టి సంగతి నాకింకా దొరకలేదు.

టెన్త్, ఇంటరు, పెళ్ళి, పీహెచ్‌డీ, ఇవన్నీ జామకాయకి తెలుసు, అడగండి. ఇప్పుడు నా పని ఊళ్ళల్లో మాట ఎలా నడుస్తుంది, ఎక్కడ రాయిగా మారుతుంది అన్నది. మొదటిసారి విదేశంలో మాట్లాడమని పిలిచినప్పుడు తెర మీద నేను చూపించిన మొదటి బొమ్మ ఆ మూడు గడుల పేజీ, మాస్టారి ఎర్ర సిరా సంతకంతో. హాల్లో వెనక వరుస వాళ్ళు కూడా లేచి ఫొటో తీసుకున్నారు. మాస్టారు అప్పటికి లేరు. మాస్టారమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను.

కొత్త వస్తువు ఊళ్ళోకి ఎలా వస్తుందో చదివాకే నాకు సగం అర్థమైంది. అమెరికాలో అయోవా రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నకి ఎలా మారారో ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు 1943లో రాశారు. 259 మంది రైతులు. ఆ విత్తనం సంగతి ఎక్కువమంది మొదట విన్నది అమ్మేవాడి దగ్గర, వేసింది మాత్రం పక్క పొలంవాడి మాట మీద. 1941కల్లా ఇద్దరు తప్ప అందరూ మారిపోయారు. మన ఊరికి సెల్లు వచ్చినప్పుడూ, వాట్సాప్ వచ్చినప్పుడూ ఇదే దారి. కంపెనీని చూసి ఎవరం పెట్టుకోలేదు, తోడికోడలు పెట్టుకుంది కాబట్టి పెట్టుకున్నాం. అందుకే అందులో వచ్చిన మాటను కూడా పంపిన మనిషి మొహం చూసి నమ్మాం. నమ్మకం నడిచిన కాలిబాటలోనే పుకారు కూడా నడిచింది.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని ఫోన్లలో వీడియోలు తిరిగి తెలుగు జిల్లాల్లో, ఇంకా చాలా రాష్ట్రాల్లో ముక్కూ మొహం తెలియని బాటసార్లని కొట్టి చంపారు. జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా కట్టేసింది. గద్వాల వైపు మాత్రం అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పు కొట్టించి, పుకార్ల మీద జానపద పాటలు పాడించారు. ఆ వార్త చదువుతూ ఆఫీసులో ఒక్కదాన్నే గట్టిగా అన్నాను, మాస్టారూ, మన బుర్రకథ!

పాట పనిచేస్తుందా అని నన్ను చాలామంది అడుగుతారు. రువాండాలో 1994లో రేడియోలో జనాన్ని చంపమని రెచ్చగొట్టారు. పదేళ్ళ తర్వాత ఆ దేశంలోనే రేడియోలో రెండు ఊళ్ళ పగ మీద ఒక నాటకం మొదలైంది. ఎలిజబెత్ పాలక్ అనే పరిశోధకురాలు ఒక ఏడాది పాటు కొన్ని గుంపులకి అది, కొన్ని గుంపులకి ఆరోగ్యం మీద ఇంకో నాటకం వినిపించి, 2009లో ఫలితం రాసింది. విన్నవాళ్ళ సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. మారింది, ‘మనవాళ్ళలో ఏది పద్ధతి’ అన్న అంచనా, దాంతోపాటు నడత. నాకిది చాలా పెద్ద మాట. గేటు దగ్గర కర్రలతో వచ్చినవాళ్ళ మనసు మాస్టారు మార్చలేదు. ఈ ఊళ్ళో ఈ పని చెల్లదని కుర్చీ వేసుకుని చూపించారు.

ఇక 2022 మే 24. రాయాలా వద్దా అని వారం ఆలోచించాను, జామకాయ వద్దంది, అయినా రాస్తున్నాను. జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చడం మీద గొడవలో అమలాపురం తగలబడిన రోజు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలుతుంటే ఆ వీడియోలు మన బ్యాచ్ గ్రూపులోకే వచ్చాయి, కింద మనవాళ్ళ మాటలు వచ్చాయి. నేనవన్నీ చదివాను. తర్వాత చాలా రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. తిరిగొచ్చేసరికి గ్రూపులో లీడరు లేడు, మర్నాటికి పూతరేకు లేడు. ఆ రోజు నేను మీలో ఒక్కరినైనా ‘ఎవరు చూశారు’ అని అడగలేదు. అందరిలో అడగాల్సినదాన్ని నేనే. పుస్తకం నా బీరువాలోనే ఉంది.

ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాను. లీడరు "చూద్దాంలే" అన్నాడు. పూతరేకు చాలాసేపు మాట్లాడలేదు, పెట్టేసేముందు "నాలుగో చరణం గుర్తుందా నీకు" అన్నాడు. నాకు మొత్తం గుర్తుంది. కమిటీవాళ్ళు రెండో రోజు సాయంత్రం వేదిక మీద అరగంట ఖాళీ ఉంచండి, సన్మానాలు కాస్త ముందుకి జరపండి. తంబురా నేను తెస్తున్నాను. గుమ్మెటలు రెండూ మాస్టారింట్లో అటక మీద ఉన్నాయట, అమ్మగారు దింపించి ఎండలో పెట్టిస్తానన్నారు.