రద్దయిన రూలు పట్టుకుని టోర్నమెంటుకు వెళ్లాను

నిన్న ఆదివారం మధ్యాహ్నం పాతికమంది చూస్తుండగా ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు చట్టం నేర్పింది. నేను అనంతపురంలో పద్నాలుగేళ్లుగా ప్లీడరు గుమాస్తాను. ఏ సెక్షను ఏ రోజు మారింది, ఏ సవరణ ఎప్పటి నుంచి అమలు అన్నది తెలిసి ఉండటమే నాకు కూడు పెడుతోంది. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమలులోకి వచ్చింది. ఆ తర్వాత జరిగిన ఒక మోసానికి ఎదుటి పక్షం ప్లీడరుగారు అలవాటు కొద్దీ 420 అని రాసుకొస్తే, "ఇప్పుడది 318 అండీ" అని అందరి ముందూ సరిదిద్దాను. వారం రోజులు టీ కొట్టు దగ్గర ఆ కథే చెప్పుకుని నవ్వాను కూడా. ఆ ప్లీడరుగారు ఈ కథలో మళ్లీ వస్తారు.

ఆట పేరు యుగియో. జపాన్‌లో 1999లో మొదలైన కార్డుల ఆట. ఒక్కొక్కరికి 8000 పాయింట్లు, 40 నుంచి 60 కార్డుల డెక్కు, అది కాక 15 కార్డుల వరకు ఎక్స్‌ట్రా డెక్కు. ఎదుటివాడి పాయింట్లను సున్నాకు దించితే గెలుపు. చిన్నప్పుడు మా బడి పక్క అంగట్లో ఈ కార్డులు రూపాయికి ప్యాకెట్టు దొరికేవి. మా వీధిలో నన్ను ఓడించినవాడు లేడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కావాలంటే మా వీధిలో అడగండి. 2006లో పదో తరగతి పరీక్షలని మా నాన్న కార్డులన్నీ ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టారు. ఆట అక్కడితో ఆగిపోయింది.

తొమ్మిదో తరగతిలో ఉన్న మా అక్క కొడుకు కిందటి నెల వచ్చి, "మామా, ఇంజనీరింగ్ చదివే అన్నవాళ్లు మన ఊళ్లోనే టోర్నమెంటు పెడుతున్నారు, ఆడతావా?" అన్నాడు. పేరు ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టింది. ఫోనులో పేరు పంపడం, వంద రూపాయలు కట్టడం, అంతే. మన ఆఫీసుల్లో ఒక నకలు తీసుకోవడం ఇంత సులువుగా ఉంటే నాలాంటి గుమాస్తాలకు పని ఉండదు.

కార్డుల దగ్గర మొదటి దెబ్బ తగిలింది. ట్రంకు పెట్టె తెరిచి గర్వంగా చూపిస్తే మావాడు రెండు కార్డులు వెనక్కి తిప్పి, "మామా, ఇవన్నీ నకిలీవి" అన్నాడు. పేర్లలో అక్షర దోషాలు, దాడి అంకెల్లో తప్పులు. టోర్నమెంటులో అసలు కార్డులే ఒప్పుకుంటారట. ఇరవై ఏళ్లు దాచుకున్న ఆస్తికి హక్కు పత్రాలు చెల్లవని ఒక్క ముక్కలో తేలిపోయింది. సరే, ఫోనులో వెతికి బెంగళూరులో ఒకతని దగ్గర పాత స్టార్టర్ డెక్కు కొన్నాను. పేరు లింక్ స్ట్రైక్. డెక్కు, మ్యాటు, రూల్సు పుస్తకం అన్నీ ఉన్నాయి. "రూల్సన్నీ ఇందులోనే ఉన్నాయి సార్, ఇంకేదీ చూడనక్కర్లేదు" అన్నాడు ఆ పెద్దమనిషి. ఆ మాట గుర్తుంచుకోండి. అతనికి నేను ఇచ్చిన ఐదు నక్షత్రాలను ఈ ఉదయమే ఒకటికి దించాను.

ఇక నేర్చుకోవడం. ఈ ఆటలో మాన్‌స్టర్‌ను, అంటే పోరాడే జీవి బొమ్మ ఉన్న కార్డును, బల్ల మీదికి పిలవడాన్ని సమన్ అంటారు. సమన్లకు బత్తా కట్టి, అవి తిరిగొస్తే మళ్లీ బత్తా కట్టే వృత్తి నాది. ఈ సమన్లు ఒక లెక్కా అనుకున్నాను. నా కాలంలో లెక్క తేలికగానే ఉండేది. టర్నుకు ఒకసారి మామూలు సమన్. ఐదు, ఆరు లెవెళ్ల మాన్‌స్టర్‌కు బల్ల మీదున్న ఒకదాన్ని బలి ఇవ్వాలి, ఏడు ఆపైన అయితే రెండింటిని. ఇవి కాక ఫ్యూజన్, రిచువల్ అనే ఇంకో రెండు రకాల సమన్లు. నేను లేని కాలంలో 2008లో సింక్రో, 2011లో ఎక్సీజ్, 2014లో పెండ్యులం, 2017లో లింక్ వచ్చిపడ్డాయి.

సింక్రో ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. ట్యూనర్ అనే రకం మాన్‌స్టర్‌ను, మామూలు మాన్‌స్టర్లను కలిపి లెవెళ్లు కూడితే ఎంతవుతుందో, సరిగ్గా అంత లెవెల్ ఉన్న సింక్రో మాన్‌స్టర్‌ను ఎక్స్‌ట్రా డెక్కు నుంచి తెచ్చుకోవచ్చు. ఎక్సీజ్‌కు కూడిక లేదు. ఒకే లెవెల్ ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఎక్సీజ్ కార్డు పెట్టాలి. దానికి లెవెల్ ఉండదు, ర్యాంకు ఉంటుంది. ఈ తేడా తెలియక మావాడి చేతిలో మూడు ఆటలు పోగొట్టుకున్నాను. పెండ్యులం నాకు ఇప్పటికీ సగమే తెలుసు. నా డెక్కులో ఒక్కటీ లేదు కాబట్టి దాని జోలికి పోలేదు, మీకూ చెప్పను.

అంతలో మావాడికి పరీక్షలు వచ్చాయి. "లింక్ సంగతి పుస్తకంలో ఉంది మామా, నువ్వే చదువుకో" అని వెళ్లిపోయాడు. చదివాను. చట్టం పుస్తకం చదివినట్టు పెన్సిలుతో గీతలు గీసి, అంచుల్లో నంబర్లు వేసి మరీ చదివాను. అందులో ఉన్నది ఇది. బల్ల మధ్యలో ఇద్దరికీ ఉమ్మడిగా రెండు ఎక్స్‌ట్రా మాన్‌స్టర్ జోన్లు, అంటే ప్రత్యేక గడులు ఉంటాయి, మామూలుగా ఒక్కొక్కరు ఒక్కటే వాడుకోవాలి. ఎక్స్‌ట్రా డెక్కు నుంచి వచ్చే ఏ మాన్‌స్టరైనా అక్కడే దిగాలి. లేదంటే లింక్ మాన్‌స్టర్ కార్డు అంచున ఉండే బాణం ఏ గడిని చూపిస్తుందో ఆ గడిలో దిగాలి. అంటే లింకులు లేకపోతే ఎక్స్‌ట్రా డెక్కు నుంచి ఒక్కదానికి మించి దింపలేవు. నాకు ఈ రూలు ఎంత నచ్చిందో చెప్పలేను. దారి హక్కు లేనిదే పొలంలోకి పోనివ్వని సర్వే పటంలా ఉంది. రాత్రుళ్లు కూర్చుని బాణాల లెక్క ప్రకారం డెక్కంతా కట్టుకున్నాను. ఎదుటివాళ్ల దగ్గర లింకులు తక్కువగా ఉంటే ఊపిరాడనివ్వకూడదని నా వ్యూహం.

నిన్న హాలుకు వెళ్లాం. హోటలు పై అంతస్తు, పాతికమందికి రెండు ఫ్యాన్లు. నీళ్ల సీసా తీసుకెళ్లండి. మొదటి రౌండులో ఆట నేనే మొదలుపెట్టి, అలవాటు కొద్దీ ఒక కార్డు తీశాను. మొదట ఆడేవాడు తొలి టర్నులో కార్డు తీయకూడదని 2014 నుంచి రూలు ఉంది. పుస్తకంలో దాని కింద గీత కూడా గీశాను. చేతికి తెలియలేదు. హెచ్చరికతో వదిలేశారు. ఆ రౌండు పోయింది, దాని గురించి చెప్పుకోవలసినది ఇంకేమీ లేదు.

రెండో రౌండులో ఎదురుగా ఆ అమ్మాయి కూర్చుంది. రెండు జడలు, కార్డులకు గులాబీ రంగు స్లీవులు. "నమస్తే అంకుల్" అంది. నేను ధీమాగా డీకోడ్ టాకర్ అనే లింక్ మాన్‌స్టర్‌ను నా ఎడమ వైపు ఎక్స్‌ట్రా జోన్‌లో దింపాను. దాని దాడి 2300. దాని బాణాలు చూపించే గడుల్లో ఎన్ని మాన్‌స్టర్లు ఉంటే అన్ని అయిదు వందలు పెరుగుతుంది. నా వైపు చూపించే రెండు గడులనూ నింపాను. 3300 అయింది. మూడో బాణం ఆ అమ్మాయి వైపు ఒక గడిని చూపిస్తోంది.

ఆమె రెండు నాలుగో లెవెల్ మాన్‌స్టర్లను పేర్చి, నంబర్ 39 ఉటోపియాను దింపింది. ఎక్కడ? ఎక్స్‌ట్రా జోన్ ఖాళీగా ఉండగా దాన్ని వదిలేసి, తన వరుసలో నడిమి గడిలో. నేను నోరు తెరిచేలోగా సింక్రో చేసి స్టార్‌డస్ట్ డ్రాగన్‌ను దాని పక్కనే పెట్టింది. రెండింటి దాడీ 2500. నా బాణం చూపించే గడిని మాత్రం ముట్టుకోలేదు. అక్కడ పెడితే నా బలం ఇంకో అయిదు వందలు పెరుగుతుంది కదా, ఆ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

నేను చెయ్యెత్తి, "జడ్జిగారూ!" అని పిలిచాను. ఆ గొంతు కోర్టు హాల్లో పిలిచే గొంతు. ఆటలన్నీ ఆగిపోయాయి. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు, టీషర్టు వేసుకుని వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. అవసరం లేదు, అయినా నిలబడ్డాను. సంచిలోంచి రూల్సు పుస్తకం తీసి, గీత గీసిన పేరా పైకి చదివి, అర్థం చెప్పి, "బాణం లేని గడిలో ఎక్సీజ్ దిగింది, సింక్రో దిగింది. ఈ రెండు సమన్లూ చెల్లవు" అని ముగించాను. ఎవరైనా చప్పట్లు కొడతారేమో అన్నట్టు చుట్టూ చూశాను కూడా.

ఆ కుర్రవాడు పుస్తకం అందుకుని, నేను చదివిన పేజీ చూడలేదు. చివరి అట్ట తిప్పి అడుగున చిన్న అక్షరాలు చూశాడు. "అంకుల్, ఇది 2017ది" అన్నాడు. తర్వాత తన ఫోను నా ముందు పెట్టాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఫ్యూజన్, సింక్రో, ఎక్సీజ్ మాన్‌స్టర్లను ఎక్స్‌ట్రా డెక్కు నుంచి ఏ గడిలోనైనా దింపుకోవచ్చు. లింకుల కోసం కూర్చోలేక పాత డెక్కులన్నీ మూలపడ్డాయని మూడేళ్లు జనం మొత్తుకుంటే సడలించారట.

ఏప్రిల్ ఒకటో తేదీ ఏమిటి, పరిహాసమా అని అడిగాను. వెనక ఎవరో నవ్వారు. మీరే చెప్పండి, 2020 ఏప్రిల్ 1న దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని కూర్చుంది. ఆ రోజు కార్డుల ఆటలో రూలు మారిందని ఎవరు దండోరా వేస్తారు? రూలు మార్చేవాళ్లకు పాత పుస్తకాలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో పట్టదు. ప్రభుత్వంలోనూ ఇదే కథ, జీవో ఒకరోజు వస్తుంది, అది మండలానికి చేరేలోగా దానికి సవరణ వస్తుంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పరవాలేదు అంకుల్, మా నాన్న కూడా మొదట్లో ఇలాగే తప్పు చేసేవాడు" అంది. తర్వాత ఉటోపియాతో ఒక చిన్నదాన్ని, డ్రాగన్‌తో ఇంకో చిన్నదాన్ని కొట్టింది. నా 3300 కళ్ల ముందే 2300కు దిగింది. తర్వాతి టర్నులో అదీ పోయింది.

అదే రౌండు రెండో గేములో నేను చేసింది ఇంకా ఘోరం. గడుల రూలు ఎత్తేశారు కదా అన్న కసితో, ఎక్స్‌ట్రా జోన్‌లో హనీబాట్ అనే ఇంకో లింక్ మాన్‌స్టర్ ఉండగానే, బల్ల మీదున్న మూడు మాన్‌స్టర్లను వెచ్చించి డీకోడ్ టాకర్‌ను నడిమి గడిలో పెట్టాను. హనీబాట్ బాణాలు ఎడమకు, కుడికి ఉంటాయి. ఎక్స్‌ట్రా జోన్‌లో దాని పక్కన గడులే ఉండవు, అంటే అది ఎవరికీ దారి చూపదు. "అంకుల్, లింక్‌కు మారలేదు" అంది ఆ అమ్మాయి మెల్లగా. జడ్జి మళ్లీ వచ్చాడు. సడలింపు ఆ మూడింటికే. లింక్ మాన్‌స్టర్లకూ, ఎక్స్‌ట్రా డెక్కులో బొమ్మ పైకి ఉన్న పెండ్యులం మాన్‌స్టర్లకూ పాత రూలే. సవరణ చూసి మినహాయింపు చూడని జూనియరును మా ప్లీడరుగారైతే గదిలోంచి బయటికి పంపేవారు.

ఆట అయ్యాక ఆ అమ్మాయి వెనక కుర్చీలో ఇంతసేపూ పేపరు చదువుతున్న ఆయన పేపరు మడిచారు. మన 420 ప్లీడరుగారే. నాకు చెమట పట్టింది, ఫ్యాన్ల వల్ల కాదు. ఆయన ఏమీ అనలేదు. నా పుస్తకం తీసుకుని, నేను గీసిన గీతలు చూసి, "బాగా చదివారే" అని తిరిగి ఇచ్చారు.

కొత్తగా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. రూల్సు పుస్తకం కొంటే ముందు చివరి అట్ట చూడండి. జడ్జిని పిలిచేముందు ఫోనులో వెతకండి. లేచి నిలబడకండి.

మూడో రౌండు గెలిచాను. హనీబాట్ ఒక్కటే రెండు మాన్‌స్టర్ల కింద లెక్కకు వస్తుంది కాబట్టి, దాన్నీ ఇంకొకదాన్నీ వెచ్చించి, ఖాళీ అయిన ఎక్స్‌ట్రా జోన్‌లోనే డీకోడ్ టాకర్‌ను పద్ధతిగా దింపాను. ఓడినవాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. 2–0. మా అక్క కొడుకు వీడియో తీశాడు, అడిగినవాళ్లకు పంపిస్తాను.

ఈ ఉదయం ఆఫీసుకు వెళ్లగానే ఎర్ర సిరాతో ఆ పుస్తకం అట్ట మీద 'రద్దు, 1-4-2020, లింకులకు తప్ప' అని రాసి, పాత శిక్షాస్మృతి పక్కన పెట్టాను. పదకొండు గంటలకు కోర్టు వరండాలో ఆ ప్లీడరుగారు ఎదురయ్యారు. పక్కన ఆయన జూనియర్లు ఇద్దరు ఉన్నారు.

"గుమాస్తాగారూ, ఎక్సీజ్ ఎక్కడ దింపుకోవచ్చండీ?" అని అడిగారు.