చెకుముకి తుపాకి చెక్కిన 14 నెలలు

ఇనుప గొట్టం అడుగున కాటుక రాయాలి. చెక్కలో తీసిన గాడిలో దాన్ని కూర్చోబెట్టి, చిన్నగా తట్టి, మళ్లీ పైకి తీయాలి. గాడిలో ఎక్కడ నల్ల మచ్చ పడిందో అక్కడ మాత్రమే ఉలితో గీకాలి. మళ్లీ కాటుక, మళ్లీ తట్టడం, మళ్లీ గీకడం. 42 అంగుళాల గొట్టాన్ని ఇలా చెక్కలోకి దించడానికి నాకు ఆరు వారాంతాలు పట్టింది. లాంగ్‌రైఫిల్ అనే పాతకాలపు పొడవాటి చెకుముకి తుపాకి చేసిన అనుభవం చెప్పమంటే ముందు నా కళ్ల ముందుకొచ్చేవి ఆ మచ్చలే.

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్న ప్రకాశం జిల్లాలో వడ్రంగి. తలుపులు, దర్వాజాలు, ఒకప్పుడు నాగళ్లు చేసేవాడు. పదో తరగతి దాకా సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని ఉలి పట్టడం, చిత్రిక పట్టడం నేర్చుకున్నాను. తర్వాత చదువు, ఉద్యోగం, ఈ దేశం. పాతికేళ్లు ఉలి ముట్టుకోలేదు.

మా ఇంటి నుంచి గంట ప్రయాణంలో లాంకాస్టర్ కౌంటీ ఉంది. అక్కడి ల్యాండిస్ వ్యాలీ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు అద్దం వెనక వరసగా నిలబెట్టిన పాత రైఫిళ్లు చూశాను. పిల్లలు ముందుకు వెళ్లిపోయారు, నేను అక్కడే నిలబడిపోయాను. నా కన్ను తుపాకి మీద లేదు, చెక్క మీద ఉంది. ఇత్తడి రేకు, ఇనుము, చెక్క కలిసే చోట గోరు కూడా దూరనంత సందు. దాన్ని చేతి ఉలితో చేశారు. ఎలా చేశారో తెలుసుకోవాలనిపించింది, తెలుసుకోవాలంటే చేసి చూడటం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

లాంగ్‌రైఫిల్‌ను కెంటకీ రైఫిల్ అని కూడా అంటారు గానీ పుట్టింది పెన్సిల్వేనియాలోనే. 18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి ఇక్కడికి వచ్చిన పనివాళ్లు తమ దేశంలో వాడే యేగర్ రైఫిల్‌ను ఇక్కడి అవసరానికి తగ్గట్టు మార్చుకుంటూ వచ్చారు. యేగర్ పొట్టిది, గొట్టం రంధ్రం పెద్దది. ఇక్కడ అడవిలో నెలల తరబడి తిరిగేవాడికి గుండ్లకు సీసం, తుపాకి మందు రెండూ భుజాన మోయాల్సినవే. అందుకే రంధ్రం చిన్నదైంది, గొట్టం పొడవైంది. ఈ లెక్క నాకు భలే నచ్చింది: 0.62 అంగుళాల రంధ్రానికి ఒక పౌను సీసంతో సుమారు 20 గుండ్లే వస్తాయి, అర అంగుళం రంధ్రానికైతే 40 దాకా వస్తాయి. మైంజ్‌లో 1740లో పుట్టి లాంకాస్టర్‌లో స్థిరపడిన జేకబ్ డికర్ట్ లాంటి వాళ్ల చేతుల్లో ఇది ఒక కళగా ఎదిగింది.

చట్టం గురించి ఒక మాట. అమెరికాలో మూతి వైపు నుంచి మందు దట్టించే ఇలాంటి పాత పద్ధతి తుపాకుల్ని 1968 నాటి ఫెడరల్ చట్టం మామూలు తుపాకుల లెక్కలో కలపదు. రాష్ట్రాన్ని బట్టి మాత్రం నియమాలు మారతాయి, అవి చూసుకునే మొదలుపెట్టాను. మన దేశంలో లైసెన్స్ లేకుండా ఇలాంటిది చేయడం నేరం. ఇది చదివి ఊళ్లో ఎవరూ ప్రయత్నించకండి.

నేర్పించడానికి ఒక పెద్దాయన దొరికాడు. నలభై ఏళ్లుగా ఇదే పని. వారానికి ఒకరోజు తన షెడ్డులో ఇద్దరు ముగ్గురికి చోటిస్తాడు. మొదటి రోజే నన్ను అడిగాడు, ఏవి కొంటావు, ఏవి చేస్తావు అని. గొట్టం, లాక్ కొంటాను, మిగతాదంతా చేస్తాను అన్నాను. లాక్ అంటే తుపాకికి పక్కన ఉండే, నిప్పు పుట్టించే యంత్రం. అలా అన్నందుకు లోపల కొంచెం చిన్నతనంగా ఉండింది. ఆయన అది గమనించాడేమో, పాతకాలపు పనివాళ్లలో కూడా చాలామంది ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో వచ్చిన లాక్‌లు కొనుక్కుని వాడేవారని చెప్పాడు. ఇనప పట్టీని కాల్చి చుట్టి గొట్టం అతకడం దగ్గర్నుంచి మరల దాకా అన్నీ ఒక్కడే చేసి చూపించినవాడు వాలెస్ గస్లర్, 1960ల్లో, పాతకాలపు పనులు చేసి చూపించే మ్యూజియం ఊరు విలియమ్స్‌బర్గ్‌లో. అది వేరే స్థాయి పని.

చెక్క మేపుల్. అందులోనూ అడ్డంగా పులి చారలు ఉండే రకం. ఆ చారలు ఎందుకొస్తాయంటే దాని నార నిటారుగా సాగకుండా అలలాగా పైకీ కిందకీ పోతుంది. చూడటానికి అందం, ఉలికి నరకం. అల ఎక్కేటప్పుడు ఉలి సాఫీగా నడుస్తుంది, దిగేటప్పుడు నారను పెళ్లగించి లేపుతుంది. టేకు మీద నేర్చుకున్న చెయ్యి నాది, మొదటి వారంలోనే రెండు చోట్ల పెచ్చు లేచింది. అప్పటి నుంచి చివరి పొరంతా ఉలితో కాకుండా ఇనప రేకు అంచుతో గీకడమే.

గొట్టం ఎనిమిది పలకలది. దాని పొడవునా మందం ఒకేలా ఉండదు. వెనక లావు, ముందుకు పోయేకొద్దీ సన్నబడి, మూతి దగ్గర మళ్లీ కాస్త ఉబ్బుతుంది. అందువల్ల తుపాకి ముందుకు వాలదు, చేతిలో తేలికగా నిలుస్తుంది. కానీ గాడి తీసేవాడికి ఎక్కడా తిన్నని గీత ఉండదు. ఎనిమిది పలకల్లో అయిదు చెక్కలో కూర్చోవాలి, ఒక్కోటి ఒక్కో వంపుతో.

కాటుక మాత్రం నేను సొంతంగా చేసుకున్నాను. పెద్దాయన సీసాలో కొన్న నల్ల రంగు వాడతాడు. మా అమ్మ చేసినట్టు ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి మసి పట్టి, రెండు చుక్కల నూనెతో కలిపి తీసుకెళ్లాను. ఆయన వేలితో రుద్ది చూసి, పాతవాళ్లు కూడా దీపం మసే వాడేవారని చెప్పి, తర్వాతి వారం తనకీ కొంచెం తెమ్మన్నాడు.

మొదట్లో గాడి నిండా పెద్ద పెద్ద మచ్చలు పడతాయి. అప్పుడే చేతికి ఆత్రం పుడుతుంది, మచ్చ పక్కన కూడా ఇంకొంచెం తీసేద్దాం, ఎలాగూ తీయాల్సిందేగా అని. మూడో వారాంతం నేను అదే చేశాను. గొట్టం వెనక తోకలా సాగే ఇనప పట్టీ దగ్గర మచ్చ లేని చోట ఒక్క పొర తీశాను. గొట్టం పూర్తిగా దిగిన తర్వాత చూస్తే ఆ మూలలో కాగితమంత సందు. తీసిన చెక్క మళ్లీ రాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే దుంగ నుంచి తీసిన పీలికను నార కలిసేలా జిగురుతో అతికించాం. తెలియనివాళ్లకి కనపడదు.

తర్వాతది ఊచ రంధ్రం. గుండును లోపలికి దట్టించే కర్ర ఊచ గొట్టం కింద చెక్కలో దాక్కుంటుంది. సగం దూరం పైకి తెరిచిన గాడి, మిగతా సగం చెక్క లోపల రంధ్రం. ఆ రంధ్రానికీ పైనున్న గొట్టానికీ మధ్య మిగిలే చెక్క ఎనిమిదో వంతు అంగుళం, అంటే మూడు మిల్లీమీటర్లు. పొడవాటి బరమా కొసతో గుడ్డిగా తొలుచుకుంటూ వెళ్లాలి. ఈ పనంతటిలో నాకు నిజమైన టెన్షన్ ఇక్కడే. గొట్టం గాడి అడుగు నుంచి సూదంత రంధ్రాలు వేసి, బరమా ఎంత లోతులో పోతోందో అక్కడక్కడ చూసుకుంటారు. గొట్టం కూర్చున్నాక అవి కనపడవు. నేను లోతు చూసుకున్నాను. పక్కకు పోతోందేమో చూసుకోలేదు. నార అలతో పాటు అదీ లాక్ వైపు జరిగింది.

ఆ సంగతి రెండు నెలల తర్వాత బయటపడింది, లాక్‌కి గుంట తీసేటప్పుడు. ముందు లాక్ రేకునొక్కదాన్నే గొట్టం పలకకి తగిలేదాకా దించాలి. నిప్పు పోయే సన్న రంధ్రం గొట్టంలో ఎక్కడ పడాలో ముందే కొలిచి, మందు పోసే చిన్న పళ్లెం సరిగ్గా అక్కడికి వచ్చేలా పెట్టాలి. ఆ రంధ్రం గొట్టాన్ని వెనక మూసే మర కంటే ముందుండాలి, లేకపోతే నిప్పు మందుకు చేరదు. నేను గొట్టంలోకి కర్ర దూర్చి గుర్తు పెట్టి, అదే గుర్తు బయట పెట్టి మూడుసార్లు సరిచూసుకున్నాను. ఆ కొలత ఇసుమంత కూడా తప్పలేదు. రేకు దిగాక లోపలి భాగాలు ఒక్కొక్కటిగా బిగిస్తూ, ఒక్కోదానికి కాటుకతో ఒక్కో గుంట తీయాలి. పెద్ద స్ప్రింగ్‌కి గుంట తీస్తుంటే ఉలి ఒక్కసారిగా శూన్యంలోకి దిగింది. ఊచ రంధ్రం పక్కగోడ తెరుచుకుంది.

స్ప్రింగ్‌కి దానివల్ల నష్టం లేదు. కానీ లాక్‌ను బిగించే మరల్లో ముందువైపుది సరిగ్గా ఊచ దారిలోకి వస్తోంది. మరను ఊచ తగిలే చోట అర్ధచంద్రాకారంగా ఆకురాయితో అరగదీసి, ఊచ కొసను సన్నం చేశాం. పెద్దాయన తన గోడకున్న ఒక పాత రైఫిల్ లాక్ ఊడదీసి చూపించాడు. దాని మర కూడా అలాగే అరగదీసి ఉంది. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో నాలాగే ఆ గుంటలోకి చూసి ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఆ అరుగును వేలితో తడిమాను, చాలాసేపు.

మిగతావి త్వరగా చెబుతాను, పని మాత్రం త్వరగా కాలేదు. గొట్టాన్ని చెక్కకి పట్టి ఉంచే మేకులకు రంధ్రాల్ని పొడవుగా తీశాను, ఎందుకంటే చెక్క కాలాన్ని బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది, ఇనుము అలా చేయదు. భుజానికి ఆనే చెక్క చివరకు ఇత్తడి తొడుగు ఒక నెల. ట్రిగ్గర్ ఒక వారాంతం. బయటి రూపం తేవడం మాత్రం పండగ. రెండు పిడుల కత్తితో లాగుతుంటే చారల చెక్క పేలికలు కాళ్ల దగ్గర గుట్టగా పడేవి. చెంప ఆనే చోటు వెనక ఒక తీగ చుట్ట చెక్కాను, చిన్నది, పాత లాంకాస్టర్ పద్ధతిలో.

రంగు వేసిన రోజు నా భార్యను కూడా పిలిచాను. ఇనుము కరిగించిన నత్రికామ్లం పూస్తే చెక్క పసుపు పచ్చగా, రోగం వచ్చినట్టు అయిపోతుంది. పైన వేడి గాలి పట్టిస్తే క్షణంలో ఎర్రటి గోధుమ రంగులోకి తిరిగి, చారలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. ఆ పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయాలి. తర్వాత సోడా నీళ్లతో ఆమ్లాన్ని చంపి, అవిసె నూనె అరచేత్తో రుద్దుతూ మూడు వారాలు.

చెకుముకి రాయి ఇంగ్లండ్‌లోని బ్రాండన్ నుంచి వచ్చిన నల్లది. తోలు ముక్కలో చుట్టి, ట్రిగ్గర్ నొక్కితే పడే కొక్కెం దవడల మధ్య బిగించాను. అది చేతిలో పట్టుకోగానే మా తాత గుర్తొచ్చాడు, మొలలో ఇలాంటి రాయి, ఉక్కు ముక్క, దూది ఉంచుకుని చుట్ట వెలిగించుకునేవాడు. నిప్పురవ్వలు రాయివి కావు. రాయి ఉక్కును చెక్కుతుంది, చెక్కిన ఉక్కు రజను గాల్లో మండుతుంది. తాత చేతిలోనైనా, ఈ తుపాకిలోనైనా పని అదే.

మొదటిసారి చేత్తో పట్టి పేల్చలేదు. పాత టైరుకు కట్టేసి, దూరంగా చెట్టు వెనక నుంచి తాడు లాగాం. పళ్లెంలో మందు భగ్గుమంది, గొట్టం మాత్రం పేలలేదు. నిమిషం పైగా ఆగి దగ్గరికి వెళ్లాం. నిప్పు రంధ్రంలో నేను తుడవడం మరిచిన నూనె ఉంది. సన్న తీగతో పొడిచి, పళ్లెంలో మళ్లీ మందు పోసి లాగితే ఈసారి మోత, తెల్లటి పొగ, గంధకం వాసన. మూడుసార్లు అలా చేసి, గొట్టం, చెక్క అంగుళం అంగుళం చూసి, ఆ తర్వాతే రేంజిలో భుజానికి ఆనించాను. 50 గజాల దూరంలో అయిదు గుండ్లు నా అరచెయ్యి అంత చోట పడ్డాయి. నేను వేటకు వెళ్లను. ఈ రాష్ట్రంలో క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులకే ప్రత్యేకించిన వేట కాలం 1974 నుంచి ఉంది, ఈ పని ఇక్కడ ఇంకా బతికి ఉండటానికి అదొక కారణమని పెద్దాయన అంటాడు.

గొట్టం పై పలక మీద పనివాడు పేరు చెక్కడం ఆచారం. నేను నాన్న పేరులోని మొదటి అక్షరం, నా పేరులోని మొదటి అక్షరం తెలుగులో చెక్కాను. ఉక్కు మీద వంపు తిప్పడం కష్టం, ఒక్కో అక్షరానికి ఒక సాయంత్రం పట్టింది.

ఆ ఆదివారం నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను. చారలు, ఇత్తడి, తీగ చుట్ట అన్నీ తిప్పి తిప్పి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. "పైన సరే అబ్బాయ్, లోపల చూపించు" అన్నాడు. మరలు విప్పి లాక్ తీసి గుంట చూపించాను, గొట్టం కూడా పైకెత్తి గాడి పొడవునా ఫోన్ నడిపించాను. కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ దగ్గరికి జరిగాడు. చాలాసేపు చూశాడు.

"ఆ తోక దగ్గర మూల... అక్కడ అతుకు వేశావు కదూ?"

"అవును నాన్నా."

"నార బాగా కలిపావు" అన్నాడు. తర్వాత ఏ ఉలితో తీశావో చూపించమన్నాడు. ఒక్కొక్కటే తీసి కెమెరా ముందు పెట్టాను. మూడోదాని అంచు చూసి, అది సరిగా నూరలేదని చెప్పి, ఎలా నూరాలో మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.