పలుచటి బేస్ దగ్గర పోయిన మార్కు

తెలంగాణలో పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీపీగెట్‌లో ఎంఎస్సీ ఫిజిక్స్‌కు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకు ట్రాన్సిస్టర్ గురించి ఒక్క మాట. ఫార్ములాలన్నీ నోటికొచ్చి కూడా మొదటిసారి నేను ఇందులోనే తప్పు పెట్టాను. రెండు డయోడ్లను వీపు వీపు ఆనించి కలిపితే ట్రాన్సిస్టర్‌లా పనిచేస్తుందా అన్న తరహా బిట్‌కు చేస్తుందని పెట్టొచ్చాను. నా నోట్సులో బొమ్మ అట్లాగే ఉంది మరి.

నల్లగొండ దగ్గర మా ఊళ్లో బాయికాడి మోటారుకు, కరెంటు రాగానే దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ ఉండేది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక నాయన దాన్ని తీసేశాడు. మూలకు పడ్డ ఆ డబ్బా విప్పితే లోపల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు), పక్కనే మూడు కాళ్ల నల్లటి బీసీ547 ట్రాన్సిస్టర్. ఆ కాళ్లే ఎమిటర్, బేస్, కలెక్టర్. ఊడదీసి మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టాను. బేస్‌కు ఎర్ర వైరు, మిగతా రెండు కాళ్లకు ఒక్కోసారి నల్ల వైరు. రెండుచోట్లా 0.6, 0.7 వోల్టుల మధ్యే, కానీ ఎమిటర్ వైపు రవ్వంత ఎక్కువ. ఆ రవ్వంత ఎందుకో వెతుకుతూ పోతేనే పాఠం తలకెక్కింది.

ఎమిటర్‌లో డోపింగ్, అంటే కావాలని కలిపే మలినం, దండిగా ఉంటుంది. మీటర్‌లో ఆ రవ్వంత ఎక్కువ దానివల్లే. బేస్‌లో చాలా తక్కువ, పైగా అది పలుచన. బీసీ547 లాంటి ఎన్‌పీఎన్ రకంలో ఎమిటర్ నుంచి దూకిన ఎలక్ట్రాన్లు బేస్‌లోని హోల్స్‌తో (ఎలక్ట్రాన్ లేని ఖాళీలతో) కలిసేలోపే అవతలి ఒడ్డుకు చేరతాయి. తిరోశక్మంలో (రివర్స్ బయాస్‌లో) ఉన్న కలెక్టర్ జంక్షన్ వాటిని లాగేసుకుంటుంది. విడి డయోడ్లను వైరుతో కలిపితే ఆ పలుచటి దారే ఉండదు.

ఇది పట్టుకుంటే లెక్కలు నోటితోనే అవుతాయి. 100 ఎలక్ట్రాన్లు బయల్దేరితే 98 దాటాయి, 2 బేస్‌లో ఆగాయి. బయల్దేరినవాటిలో దాటిన వంతు ఆల్ఫా, అది 0.98. ఆగినవాటికి దాటినవి ఎన్ని రెట్లో అది బీటా, 98 బై 2, అంటే 49. ఎమిటర్ కరెంటు 5 మిల్లీఆంపియర్లయితే కలెక్టర్‌ది 4.9, బేస్‌ది 0.1. ఎమిటర్‌ను, కలెక్టర్‌ను తారుమారు చేస్తే బీటా ఎందుకు పడిపోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది: కలెక్టర్‌లో అంత డోపింగ్ లేదు.

నీట్, జేఈఈ మెయిన్ 2024 సిలబస్‌లలో ట్రాన్సిస్టర్ తీసేశారు. అంతకుముందు పేపర్లను పక్కన పడేయకండి, మనకు మంచి బిట్లు వాటిలో ఉన్నాయి.

ట్రాన్సిస్టర్ సర్క్యూట్లను లెక్కగట్టే హెచ్ పారామీటర్లంటారా, అవి నాకూ ఇప్పటికీ బట్టీయే.