మా మేడ మీద షవర్ కథ

నిన్న సాయంత్రం మేడ మీద షవర్‌లో నీళ్ళు నిండుగా పడ్డాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ, మా ఇంటికి మేస్త్రీ ఆంధ్రాలోని పాతపట్నం నుంచే వచ్చాడు. కింద మేము, పైన అద్దెకి అనుకుని ఇల్లు మొదలుపెట్టాం. గోడలు లేవకముందే పైపుల ప్లాన్ కాగితం మీద ఉండాలని నా పట్టుదల.

నీళ్ళ లెక్క తేలికే. మనిషికి రోజుకి 135 లీటర్లంటుంది నేషనల్ బిల్డింగ్ కోడ్. ఎనిమిది మందికి దాదాపు 1,100. కింద సంపు, మెట్ల గది మీద ట్యాంకు. మరుగుదొడ్డికి నాలుగంగుళాల పైపు, నలభై అడుగులకి అడుగు వాలు. వేడి నీళ్ళకి సీపీవీసీ, అంటే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపు. మురుగు పైపుల పని మేస్త్రీ శుభ్రంగా చేశాడు, కాదనను.

గొడవంతా ట్యాంకు నుంచి దిగే పైపు దగ్గర. నా ప్లాన్‌లో అది పిట్టగోడ అడుగున రంధ్రంలోంచి బయటికి పోతుంది. వాల్వు దాటగానే గాలి పోయేందుకు ఒక సన్న పైపు నిలువుగా, ట్యాంకు మూతకంటే ఎత్తుకి. మేస్త్రీ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇసుక మోసే కూలీలందరికీ వినబడేలా, “నీరు పల్లమెరుగు బాబూ, మీ కాగితం ఎరగదు” అన్నాడు. అందరూ నవ్వారు. మా బావ కూడా నవ్వాడు. పైగా “ఆయన పని ఆయన్ని చెయ్యనీరా, నువ్వు నీ బ్యాంకు చూసుకో” అని నాకే సుద్దులు.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పైపు పిట్టగోడ ఎక్కి దిగి, క్లాంపులు కూడా పడిపోయాయి. గోడకి రంధ్రం కొడితే వాన నీళ్ళు దిగుతాయట!

రథయాత్రకి ముందే గృహప్రవేశం అయింది, పైన ఒక మాస్టారు దిగారు. కరెంటు పోయి ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండిందంటే చాలు, పైన షవర్ బుస్సుమని ఊరుకునేది. తర్వాత చుక్కలు. కింద మాకు వేరే లైను, ఏ ఇబ్బందీ లేదు. మాస్టారు పాపం గట్టిగా అడిగే మనిషి కాదు. “బకెట్‌తో కానిచ్చేస్తున్నాం లెండి” అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒక ప్లంబరు ట్యాంకు ఎత్తు చాలదన్నాడు. ఇంకొకడు షవర్‌లో సున్నం పట్టిందన్నాడు. పైపులమ్మిన షాపువాడు ప్రెజర్ పంపు పెట్టమన్నాడు, అమ్మేది వాడే కదా. షాపువాళ్ళు పంపే ప్లంబరుని గుమ్మం ఎక్కనివ్వకండి.

చివరికి టేపు పట్టుకుని నేనే ఎక్కాను. ట్యాంకు అడుగు నుంచి పైన షవర్‌కి 3.3 మీటర్లు. పది మీటర్ల ఎత్తుంటే చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ప్రెజర్. అంటే మాకున్నది కిలోలో మూడో వంతు. నీళ్ళు నిండేటప్పుడు పిట్టగోడ మీది వంపులో గాలి ఇరుక్కుంటే, దాన్ని తోసెయ్యడానికి ఆ బలం చాలదు. వాల్వు తీసి ఉంచి, సరిగ్గా ఆ వంపు దగ్గర రంపంతో కోయించాను. ముందు గాలి బుస్సున వచ్చింది, వెనకాలే నీళ్ళు నా చొక్కా మీద. పక్కనున్న బావ ఏమీ అనలేదు. ఇప్పుడు వాళ్ళ మరిది ఇంటి ప్లాన్ నా చేతికిచ్చాడు.

రంధ్రం కొట్టించి పైపు అడుగు నుంచి తీయించాను, గాలి పైపు నిలబెట్టించాను. రంధ్రం చుట్టూ వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటు పూయిస్తే ఒక్క చుక్క దిగలేదు.

ఇల్లు కడుతున్నవాళ్ళు ప్లాస్టరింగ్‌కి ముందు పైపులన్నిటినీ, నీళ్ళు ప్రెజర్‌తో ఎక్కించే చేతి పంపుతో టెస్ట్ చేయించండి. గోడకి టేపు ఆనించి ఫోటోలు తీసుకోండి, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి. మేస్త్రీకి ఆఖరి వాయిదా మాత్రం ట్యాంకు ఒకసారి ఖాళీ చేసి నింపాకే ఇవ్వండి. మావాడికి ఇంకా ఇవ్వాల్సింది ఉంది. రమ్మని కబురు పెట్టాను, ఇంకా రాలేదు.